గుడ్డు కుళ్లిన వాసన వస్తే ఏం చేయాలి? అరకు, తప్తపాని వెళ్లే కుటుంబాల కోసం

చలికాలం మొదలైందంటే మన ఇళ్లలో అరకు మాట వస్తుంది. వైజాగ్‌లో కిరండూల్ రైలెక్కి బొర్రా, అరకు చూసుకుని రావడం పాత అలవాటే. సెలవు ఇంకో రెండు రోజులుంటే కొందరు అక్కడితో ఆగరు. మళ్లీ వైజాగ్ వచ్చి, రైల్లో నాలుగైదు గంటలు ప్రయాణం చేసి ఒడిశాలోని బరంపురం చేరతారు. అక్కడి నుంచి దిగపహండి మీదుగా ఘాట్ ఎక్కితే 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాని వేడినీటి బుగ్గ. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న నానీయో దాదీయో ఉంటే ఈ ప్రయాణానికి ఓట్లు ఇంకాస్త పెరుగుతాయి.

అక్కడ బండి దిగగానే ముందు తగిలేది వేడి కాదు, వాసన. కోడిగుడ్డు కుళ్లిన వాసన. పిల్లలు ముక్కు మూసుకుని ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. పెద్దవాళ్లకు మాత్రం అనుమానాలు మొదలవుతాయి. ఈ గాలి పీలిస్తే ఏమన్నా అవుతుందా? కడుపుతో ఉన్న కోడల్ని తీసుకురావచ్చా? ఈ నీళ్లతో వుజూ అవుతుందా? వీటికి జవాబులు పెద్ద కష్టమేమీ కాదు. కాకపోతే అందరూ భయపడే చోట భయం అక్కర్లేదు, ఎవరూ పట్టించుకోని చోట జాగ్రత్త కావాలి. ఆ తేడా చెప్పడానికే ఇదంతా.

ముందు అరకు సంగతి

అరకులో టూరిస్టులు వెళ్లి మునిగే వేడినీటి బుగ్గలేమీ లేవు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండల్లో చలి, పొగమంచు, కాఫీ తోటలు, వెదురు బొంగులో వండే చికెన్, ఇవీ ఆకర్షణలు. అయినా బొర్రా గుహల్లోకి దిగినవాళ్లలో కొందరు "లోపల ఏదో వాసన" అంటారు. అది ఎక్కువగా గబ్బిలాల రెట్ట వాసన. అమోనియా ఘాటు, ముక్కులో గుచ్చినట్టుంటుంది, సరిగ్గా కడగని మూత్రశాల గుర్తొస్తుంది. గుడ్డు కుళ్లిన వాసన వేరు, అది గుచ్చదు, కడుపులో తిప్పుతుంది. బొర్రాలో గంధకం అసలు లేదని కాదు. గుహ లోతట్టు భాగంలో గంధకం కలిసిన ఊటలున్నాయనీ, ఆ నీటిలో నారింజ రంగు సూక్ష్మజీవుల పొరలు పెరుగుతున్నాయనీ పరిశోధకులు రాశారు. మనం లైట్ల వెలుగులో నడిచే దారిలో మాత్రం ఎక్కువ ఇబ్బంది పెట్టేవి తేమ, మెట్లు, జనం. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే పెట్టుకోవాలి, బండిలో బ్యాగులో కాదు.

గంధకం వాసన అసలైన రుచి చూపించేది అదే తూర్పు కనుమల్లో, రాష్ట్రం దాటాక. గంజాం జిల్లాలో తప్తపాని, ఖుర్దా జిల్లాలో అత్రి. తెలంగాణ ఏజెన్సీ వైపు వెళ్తే భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు వెతకడానికి వేసిన బోరు నుంచి వేడినీళ్లు తమంతట తామే పైకొస్తుంటే, సింగరేణి సంస్థ ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటు కూడా పెట్టింది. దేశం మొత్తమ్మీద ఇలాంటి చోట్లు 300కు పైగా ఉన్నాయని జియొలాజికల్ సర్వే లెక్క.

అగ్నిపర్వతం లేదు, మరి వేడి ఎక్కడిది?

తూర్పు కనుమల్లో అగ్నిపర్వతాలు లేవు. ఇక్కడి రాయి చాలా పాతది. ఖోండలైట్ అనే రాయికి ఆ పేరే ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల వల్ల వచ్చింది. ఆ రాళ్లలో లోతైన పగుళ్లుంటాయి. వాననీళ్లు ఆ పగుళ్లలో కిందికి దిగుతాయి. భూమిలోకి ఒక కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. అలా వేడెక్కిన నీరు ఇంకో పగులు దొరికినచోట పైకి తన్నుకొస్తుంది. అంతే, బుగ్గ.

కింద ఉన్నంతసేపూ ఆ నీరు రాళ్లలోని గంధకపు లవణాలను కరిగించుకుంటుంది. గాలి తగలని చోట బతికే కొన్ని బ్యాక్టీరియాలు ఆ లవణాలను హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసుగా మారుస్తాయి. నీరు పైకి రాగానే, సోడా మూత తీసినట్టు, ఆ గ్యాసు గాల్లోకి వెళ్లిపోతుంది. కుళ్లిన గుడ్డులోంచి వచ్చేదీ ఇదే గ్యాసు. మన మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో తయారయ్యేదీ ఇదే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముక్కు చెప్పేదీ, చెప్పనిదీ

నేను బీకాం చదివాను, కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. కానీ ఈ గ్యాసు లెక్కలు చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. 10 కోట్ల వంతుల గాలిలో ఒక్క వంతు ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. అంటే వాసన వస్తోందంటే ప్రమాదం వచ్చిందని కాదు. ప్రమాదానికి వేల రెట్లు తక్కువ ఉన్నప్పుడే ముక్కు గోల మొదలుపెడుతుంది. తప్తపాని లాంటి చోట ఆరుబయట, గాలి ఆడుతుండగా వచ్చే వాసన ఈ కోవలోదే. చిరాకు, కాస్త తలనొప్పి, కొందరికి వికారం, అంతవరకే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు అరగంట అక్కడ తిరిగితే ఏమీ కాదు.

ఇక రెండో సగం. ఈ గ్యాసు పదివేల వంతుల్లో ఒక వంతుకు చేరితే కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, కొద్ది నిమిషాల్లో వాసన తెలియడం పూర్తిగా ఆగిపోతుంది. గ్యాసు పోయిందని కాదు, ముక్కు మొద్దుబారిందని అర్థం. దానికి ఏడెనిమిది రెట్లయితే మనిషి ఉన్నచోటే కూలిపోతాడు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. సెప్టిక్ ట్యాంకులోకి దిగిన కూలీ బయటికి రాకపోవడం, అతన్ని కాపాడదామని దిగిన రెండోవాడూ మూడోవాడూ అక్కడే పడిపోవడం మనం ఏటా చదివే వార్తలే. వాళ్లకు వాసన ఎందుకు హెచ్చరిక కాలేదంటే కారణాల్లో ఇదొకటి.

అందుకే "కాసేపటికి అలవాటైపోతుందిలే" అన్న మాట ఆరుబయట నిజం, మూసిన గదిలో నమ్మకూడదు.

ఇంకో గుణం కూడా ఉంది. ఈ గ్యాసు గాలి కంటే బరువు, సుమారు 1.2 రెట్లు. పైకి పోదు, గుంటల్లో, పల్లంలో, నేల దగ్గర పేరుకుంటుంది. 2005 డిసెంబర్ 29న జపాన్‌లోని అకితా ప్రాంతంలో, దోరోయు అనే వేడినీటి బుగ్గల ఊళ్లో ఒక కుటుంబంలోని నలుగురూ ఇలాగే చనిపోయారు. మంచు కుప్పల మధ్య ఏర్పడ్డ గుంటలో ఈ గ్యాసు నిండి ఉంది. బుగ్గలో మునిగి కాదు, పక్కనున్న గుంటలోకి దిగి పోయారు. మన కొండల్లో మంచు గుంటలుండవు. కానీ పిల్లలు దిగడానికి ఇష్టపడే కాల్వ గుంటలు, పాత బావులు, మూతపెట్టిన తొట్లు ఎక్కడైనా ఉంటాయి. వాసన ఉన్నచోట వాటిలోకి దిగనివ్వకండి.

పరదా, కిటికీ

మన కుటుంబాలకు అసలు సంగతి ఇక్కడుంది. తప్తపానిలో ఊట ఉన్న కుండం పూజాస్థలం, పక్కనే కంధుణి దేవి గుడి. నీటిని కింద చెరువులోకి మళ్లించారు, స్నానాలు అక్కడ. మగవాళ్లు, పిల్లలు దిగుతారు. మన ఆడవాళ్లు అందరి ముందూ దిగరు. వాళ్లకు అనువైనది ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్. అక్కడ కొన్ని గదుల్లో స్నానపు తొట్టిలోకి బుగ్గ నీటినే పైపుల్లో తెచ్చారు. ఖాలా, నానీ అందరూ హాయిగా, మర్యాదగా స్నానం చేయొచ్చు. మంచి ఏర్పాటు.

కానీ అక్కడికి వెళ్లగానే ఆడవాళ్లు చేసే మొదటి పని ఏంటి? తలుపు గడియ, వెంటిలేటర్ మూత, కిటికీ సందుకు దుపట్టా. ఎవరైనా చూస్తారేమోనని. వేడినీళ్లు తొట్టిలోకి ధారగా పడుతుంటే నీళ్లలోని గ్యాసు బయటికొస్తుంది. మూసిన గదిలో అది ఎక్కడికీ పోదు. తొట్టిలో కూర్చున్న మనిషి ముక్కు నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది. గ్యాసు పేరుకునేదీ ఆ ఎత్తులోనే. న్యూజిలాండ్‌లోని రోటోరువా ఊరంతా ఈ వాసనలోనే బతుకుతుంది, వీధుల్లో నడిచే జనానికి ఏమీ కాదు. అక్కడ దశాబ్దాలుగా నమోదైన కొద్దిపాటి మరణాలు మాత్రం గాలి ఆడని గదుల్లో, మూసిన చోట్ల జరిగినవే. గంధకం బుగ్గల స్నానపు గదులకు గాలి వచ్చిపోయే ఏర్పాటు ఉండాలని జపాన్ నిబంధనలు పెట్టింది కూడా ఇలాంటి ప్రమాదాల వల్లే.

తప్తపాని పేరు విని బెదిరిపోవడానికి కాదు ఇది చెప్పడం. పరదాకూ గాలికీ మధ్య గొడవ లేదు అని చెప్పడానికి. ఎత్తులో ఉన్న వెంటిలేటర్ నుంచి ఎవరూ చూడలేరు, దాన్ని తెరిచే ఉంచండి. కిటికీ కిందికి ఉంటే పల్చటి నూలు దుపట్టా తెరలా వేలాడదీయండి, సందుల్లో కుక్కకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ముందే వేయండి. తొట్టి నిండేటప్పుడు గదిలో ఉండక్కర్లేదు. నీళ్లు వదిలి, తలుపు తీసి బయటికి రండి. నిండాక పావుగంట ఆగండి, గ్యాసు చాలావరకు పోతుంది, వేడి కూడా కాస్త దిగుతుంది. తలుపుకు లోపల గడియ పెట్టే బదులు బయట ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి. మధ్యమధ్యలో పిలిచి పలకరించమనండి. 10, 15 నిమిషాలకు మించి వద్దు.

లోపలి నుంచి జవాబు రాకపోతే? ఆత్రంగా లోపలికి దూరకండి. ముందు తలుపు, కిటికీలు బారుగా తెరవండి, గాలి ఆడనివ్వండి, ఊపిరి బిగబట్టి మనిషిని వీలైనంత త్వరగా బయటి గాలికి లాగండి, 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ అదే నంబరు.

పెద్దవాళ్ల విషయంలో గ్యాసు కంటే వేడి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బీపీ మందులు వాడేవాళ్లు వేడినీళ్లలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నా తెలియదు, మర్నాటికి బొబ్బలు. కాలితో కాదు, మోచేత్తో నీళ్లు చూడాలి, అదీ పక్కవాళ్లు చూస్తే మేలు. గర్భిణులు వాసనకు కాదు, ఈ వేడికి దూరంగా ఉండాలి. పాదాలు కడుక్కుని ఒడ్డున కూర్చుంటే చాలు. వికారం ఉంటే అదీ వద్దు. ఇక మోకాళ్ల నొప్పులు. వేడినీళ్లకు కండరాలు వదులై కొన్ని గంటలు హాయిగా ఉంటుంది, నిజమే. అంతమాత్రాన మందులు ఆపమని ఏ బుగ్గా చెప్పదు. చెప్పేది పక్కన నిలబడ్డ మనుషులే.

లాడ్జి బాత్రూంలో అదే వాసన వస్తే

అరకులోనో బరంపురంలోనో దిగిన గదిలో ఇదే వాసన వస్తే అది బుగ్గ కాదు. మూడు చోట్ల చూడండి. చన్నీళ్ల కుళాయి విప్పితే కూడా వస్తోందా, అది బోరు నీటి గుణం. వేడినీళ్లకు మాత్రమే వస్తోందా, చాలాకాలం వాడని గీజర్‌లో బ్యాక్టీరియా చేరింది. లోపలుండే మెగ్నీషియం కడ్డీ దానికి తోడై ఈ వాసన పుట్టిస్తుంది. నీళ్లు కాసేపు వదిలేస్తే తగ్గుతుంది, తగ్గకపోతే గది మార్చమనండి. కుళాయి కట్టేసినా వస్తోందా, నేల జాలీ కింద ఉండే నీటి అర ఎండిపోయింది. రెండు చెంబుల నీళ్లు పోస్తే సరి.

నాలుగోది సరదా కాదు. వంటగ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీలు అందులో గంధకం ఉన్న మెర్‌కాప్టాన్ కలుపుతాయి. అదీ కుళ్లిన వాసనే. గదిలో గ్యాస్ గీజర్ ఉంటే, బయట సిలిండర్ ఉంటే, "కొండ ప్రాంతం కదా, ఇక్కడ ఇంతేనేమో" అనుకోకండి. స్విచ్ ముట్టుకోవద్దు. పిల్లల్ని తీసుకుని బయటికి రండి, రెగ్యులేటర్ కట్టించండి. లీకేజీ ఫిర్యాదుకు 1906 నంబరు ఉంది. గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే బిగించి ఉంటే ఆ గది నాకైతే వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఉండదు.

వుజూ, ముక్కు

నీటి రంగు, రుచి, వాసన మారితే దాని పాకీ గురించి అనుమానం రావడం సహజం. ఫిఖహ్‌లో దీనికి పాత జవాబే ఉంది. నజాసత్ కలిసి మారితే ఒక మాట. నీరు ఊరేచోట ఉన్న మట్టి, గంధకం లాంటి వాటివల్ల మారితే అది పాక్ నీరే, వుజూ, గుసుల్ రెండూ అవుతాయి. ఇంకా సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగి బయల్దేరండి.

పాకీ వేరు, ఆరోగ్యం వేరు. గోరువెచ్చని మంచినీటిలో నెగ్లేరియా ఫౌలేరీ అనే అమీబా పెరగొచ్చు. తాగితే ఏం కాదు. ముక్కులోంచి పైకెక్కితే మెదడుకు చేరుతుంది, అప్పుడు బతకడం చాలా అరుదు. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో వార్తల్లో నిలిచింది ఇదే. కరాచీలో ఈతకు వెళ్లనివాళ్లు కూడా దీనికి బలయ్యారు, క్లోరిన్ సరిగ్గా కలపని నీటితో వుజూ చేసేటప్పుడు ముక్కులోకి ఎక్కిందని డాక్టర్లు రాశారు. అరుదైన జబ్బే, కానీ తప్పించుకోవడం చాలా తేలిక. చెరువులో తల ముంచొద్దు, పిల్లల్ని దూకనివ్వొద్దు. చేతులు, ముఖం, కాళ్లకు బుగ్గ నీళ్లు వాడుకోండి, ముక్కుకు మాత్రం సీసా నీళ్లో, మరిగించి చల్లార్చిన నీళ్లో. హనఫీ పద్ధతిలో గుసుల్‌లో ముక్కు శుభ్రం చేయడం ఫర్జ్ కాబట్టి వదిలేయడానికి వీల్లేదు, అందుకే ఒక లీటరు విడిగా ఉంచుకోవడమే మార్గం.

వాసన పోగొట్టడం

ఆరుబయట వాసనకు మందు దూరమే. గాలి ఎటు వీస్తోందో చూసి, వాసన వచ్చే వైపుకు ఎదురుగా కాకుండా అవతలి పక్కన కూర్చోండి. పది అడుగులు జరిగినా తేడా తెలుస్తుంది. సర్జికల్ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి, గ్యాసును ఆపవు. తడి రుమాలూ అంతే. అత్తరు పూసిన రుమాలు ముక్కుకు పెట్టుకుంటారు చాలామంది. నా మటుకు ఆ రెండు వాసనలు కలిస్తే ఒక్కదానికంటే ఘోరం, ఘాట్ రోడ్డు మీద వచ్చిన పిల్లలకు వాంతి గ్యారంటీ. ఘాట్ ఎక్కేముందు బిర్యానీ మానేసి తేలిగ్గా తినిపించండి, దిగాక పది నిమిషాలు బండి పక్కనే నిలబెట్టి తర్వాత బుగ్గ దగ్గరికి తీసుకెళ్లండి. ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గు మొదలైతే వెనక్కి రావాలి, "ఇంత దూరం వచ్చాం కదా" అనుకోకూడదు.

బట్టలకు పట్టిన వాసన ఎండలో ఆరేస్తే పోతుంది. తడిబట్టలు కవర్లో మూటగట్టి హైదరాబాద్ దాకా తెస్తే మాత్రం ఇంటికొచ్చాక ఆ సంచి ఎవరు విప్పాలన్న గొడవ మొదలవుతుంది. బురఖాలు నూలువైతే ఒక్క ఉతుకుతో సరి.

వెండి సంగతి ముందే చెప్పాలి, అక్కడికెళ్లాక లాభం లేదు. ఈ గ్యాసు తగిలితే వెండి నల్లబడుతుంది. ఆడవాళ్ల పట్టీలు, మగవాళ్ల వెండి ఉంగరం, పిల్లల మొలతాడు, రోల్డ్‌గోల్డ్ నగలు, అన్నీ గదిలోనే తీసి బిగుతు డబ్బాలో పెట్టండి. మరిచిపోయి నల్లబడితే కంగారు పడి కంసాలి దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. గిన్నెలో వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాన్ని తాకేలా వెండి పెట్టి, చెంచా తినే సోడా వేసి మరిగిన నీళ్లు పోయండి. కొద్ది నిమిషాల్లో నలుపు వదిలిపోతుంది. అప్పుడు గిన్నెలోంచి కాస్త గుడ్డు వాసన వస్తుంది, వంటింటి కిటికీ తెరిచే ఉంచండి. ముత్యాలు, ఫీరోజా, అకీక్ లాంటి రాళ్లు పొదిగిన ఉంగరాలను మాత్రం ఆ నీళ్లలో వేయకండి, రాయి పాడవుతుంది.